ఈకలతో వచ్చిన కోడి

కింది వాటా, వీధి గది
ఫిబ్రవరి 3

తమ్ముడికి,

ఉభయకుశలోపరి అని కొట్టబోతుంటే వద్దని ఆపాను. ఈ ఉత్తరం టైపు చేస్తున్నది పై వాటాలో అద్దెకుండే అమ్మాయి. వకీలు గారి ఆఫీసులో టైపిస్టు. సాయంత్రం ఇంటికొచ్చాక మిషను కిందికి మోసుకొచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. నేను చెబుతుంటే టకటకా కొట్టేస్తుంది. అందుకే టకటక అని పేరు పెట్టాను. ఆ పేరు కూడా ఇప్పుడు తనే కొట్టుకుంది, నవ్వుతూ.

నువ్వు పంపిన గడియారం చేరింది. బొత్తాం నొక్కితే ఎంతయిందో ఆడగొంతుతో చెబుతోంది. బాగుంది. అంతకుముందు పంపిన మడత కర్ర బాగుంది. దానికి ముందు పంపిన రేడియో కూడా బాగుంది. ఇక ఏమీ పంపకు, పెట్టుకోవడానికి చోటు లేదు.

వంట ఎలా చేసుకుంటున్నావని అడిగావు. వర్క్‌షాపు క్యాంటీన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు నాలుగు వందల మందికి దగ్గరుండి వండించినదాన్ని, నా ఒక్క కడుపుకి వండుకోలేనా? నీటికాసుల జబ్బు కళ్ళు తీసుకుపోయింది గానీ చేతులు తీసుకుపోలేదు. రోజూ రెండు కూరలు చేసుకుంటున్నాను. నిన్న బీన్స్, ఇవాళ కోడిగుడ్డు. నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ కోళ్ల మాట రాయలేదేం? కిందటేడు ఉత్తరం నిండా కోళ్లే ఉండేవి.

అక్క

(అదే కాగితం వెనక, చేతిరాతతో)

మామయ్యగారికి,

ఇది పెద్దమ్మకి తెలియకుండా రాస్తున్నాను, తప్పయితే క్షమించండి. పెద్దమ్మ సెప్టెంబరు నుంచి పొయ్యి వెలిగించలేదు. ఆ నెలలో ఒకరోజు చేతిగుడ్డకి మంట అంటుకుంది. తనే తొట్టిలో పడేసి ఆర్పేసింది, దెబ్బేమీ తగల్లేదు. కానీ మర్నాటి నుంచి వంటగది గడప తొక్కలేదు. వీధి చివరి మెస్ నుంచి క్యారియర్ వస్తోంది. బీన్సూ కోడిగుడ్డూ అందులోవే. పొద్దస్తమానం కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. మీరు పంపిన గడియారం పెట్టెలోనే ఉంది.

టైపిస్టు


కోళ్ల తోట నుంచి
ఫిబ్రవరి 11

అక్కకి,

నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. రెండు కూరలు చేసుకుంటున్నావంటే అంతకన్నా ఏం కావాలి. ఇక్కడ అంతా మామూలే. కోళ్లు బాగానే ఉన్నాయి. మీ మరదలు అడిగానని చెప్పమంది.

గడియారం నచ్చినందుకు సంతోషం. వచ్చే నెల నీ పుట్టినరోజు కదా, ఏం కావాలో మొహమాటపడకుండా చెప్పు.

తమ్ముడు

(వేరే చీటీ)

అమ్మాయికి,

నువ్వు రాసింది తప్పు కాదు. మా అక్క వంటగది గడప తొక్కడం లేదంటే, మేం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి కాదు ఆమె. క్యాంటీన్‌లో గరిటె చప్పుడు విని కూర మాడబోతోందని చెప్పగలిగేది. ఈ ఏడాదిలో మూడు వస్తువులు పంపాను. ప్రతిసారీ కొట్టువాణ్ణి "చూపు లేనివాళ్ళకి ఏం బాగుంటుంది" అని అడిగి, వాడు చూపించింది తెచ్చాను. మూడూ ఆమెకి నచ్చలేదని ఇప్పుడు అర్థమవుతోంది. రోజూ చూస్తున్నదానివి, ఏం ఇస్తే బాగుంటుందో నువ్వే చెప్పు. ఈ చీటీ ఆమెకి చదివి వినిపించకు.


పై వాటా నుంచి
ఫిబ్రవరి 18

మామయ్యగారికి,

కొట్లో దొరికేది ఏదీ పంపకండి. నిన్న పార్సిల్ వాళ్ళు పక్కింటికి ఏదో తెస్తే, చప్పుడు విని "మళ్ళీ నాకేనా" అంది పెద్దమ్మ. ఆ గొంతులో ఆశ లేదు, భయమే ఉంది.

ఒక సంగతి చెబుతాను. మొన్న ఆదివారం నేను బఠాణీలు ఒలుచుకుంటూ ఆమె దగ్గర కూర్చున్నాను. మాటల్లో ఉండగానే పళ్ళెం తన ఒళ్లోకి లాక్కుంది. చూస్తుండగానే కిలో ఒలిచేసింది. పుచ్చులు వేలికి తగిలినవి తగిలినట్టు పక్కన పడేసింది. నేను అంతకుముందు ఒలిచిన వాటిలోంచి కూడా పదకొండు పుచ్చులు తీసి నా చేతిలో పెట్టి, "ఇవి నీవి" అంది. ఆరు నెలల్లో ఆమె మొహం అలా వెలగడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ కాసేపూ నాకు సాయం చేస్తున్నానని కూడా ఆమెకి తోచలేదు. ఆ పని తన పని, అంతే. నాకు తెలిసింది ఇంతే, ఆలోచించుకోండి.

టైపిస్టు


కోళ్ల తోట నుంచి
మార్చి 9

అక్కకి,

పాలవ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక బుట్ట ఇచ్చాను. అందులో తెల్లవారగానే కోసిన కోడి ఉంది. ఈకలు తీయలేదు, కడుపు కోయలేదు. రేపు నీ పుట్టినరోజు. కానీ దీన్ని కానుక అనుకోకు, పని అనుకో.

నీకు ఒక విషయం దాచాను. కోళ్లు బాగానే ఉన్నాయని రాశాను గానీ నా వ్యాపారం బాగా లేదు. గూళ్లలో కుక్కి రెండు నెలలకే తూకానికి తెచ్చే కోళ్లు వద్దనుకుని, తోటలో వదిలి ఆరు నెలలు పెంచే నాటు రకం మొదలుపెట్టాను కదా. నిజంగా మంచి కోళ్లు అక్కా. పొద్దున తలుపు తీస్తే చెట్ల కిందికి పరిగెత్తుకుంటూ పోతాయి. అలాంటి కోడిని కొన్నవాళ్ళు మాత్రం రెండోసారి రావడం లేదు. రబ్బరులా ఉందంటారు. చర్మం చినిగి ఉందంటారు. ఒకాయన "చేదుగా ఉందయ్యా" అని సగం కూర తిరిగి తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. పట్నంలో స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్ద హోటలాయన రెండుసార్లు తీసుకున్నాడు, రెండుసార్లూ తిప్పి పంపాడు. ఇంకొక్కసారి చూస్తానన్నాడు, అదే ఆఖరుసారి.

మేత మార్చాను, రకం మార్చాను. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు. ఈ లోకంలో కోడిని నీకన్నా బాగా ఎరిగినవాళ్ళు నాకు తెలియదు. నీ చేతుల్లో పెడుతున్నాను. ఏం తేడా ఉందో చెప్పు. నేను నొచ్చుకుంటానని తగ్గించి చెప్పకు.

తమ్ముడు


కింది వాటా, వంటగది
మార్చి 12

తమ్ముడికి,

పైన రాసిన చిరునామా చూడు. మిషను వంటగదిలోకి తెప్పించాను.

ముందు తిట్లు. డ్రైవరు కవరు ఇచ్చి వెళ్ళాక టకటక విప్పింది. రెండు కాగితాలు గరగరలాడాయి. చదివింది ఒక్కటే. "రెండోది చదవవేం" అన్నాను. "రెండోది లేదు పెద్దమ్మా" అంది. "కాగితం చప్పుడు అబద్ధమాడదు, నువ్వే ఆడుతున్నావు" అన్నాను. ఏడ్చేసింది. తరవాత అన్నీ చెప్పింది, మీ ఇద్దరి మంతనాలు మొత్తం. ఆ రెండోదీ, అంతకుముందు వచ్చినదీ, నువ్వు దానికి రాసిన చీటీలు రెండూ చదివించుకున్నాను. నా ఇంట్లో, నా ముందు, నా గురించి, నాకు కనబడకుండా. కళ్ళు పోయినందుకన్నా అదే ఎక్కువ తగిలింది నాకు. ఇక మీదట ఏ కాగితం వచ్చినా పూర్తిగా చదవాలని దానితో ఒట్టు వేయించుకున్నాను. నీ తరఫున కూడా అదే వేసింది.

ఇక నా అబద్ధం. మెస్ క్యారియర్ నిజమే. మంట నిజమే. దెబ్బ తగలకపోయినా గుండెలో ఏదో జారింది. ముప్పై ఒక్క ఏళ్లు నిప్పుతో ఆడుకున్నదాన్ని, నిప్పుకి భయపడ్డానని నీకు ఎలా రాయను. అందుకని బీన్స్ రాశాను.

కోడి సంగతికి వస్తాను.

టకటక బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి దూరంగా జరిగింది. "పెద్దమ్మా, దీని కళ్ళు తెరిచే ఉన్నాయి" అంది. "నావి లేవుగా, దానికి సిగ్గేం ఉండదులే" అన్నాను. రెండు చేతులూ దాని మీద పెట్టాను. ఈక కింద ఇంకా కాస్త వెచ్చగా ఉంది. రొమ్ము ఎముక కొస వంచి చూశాను, కొద్దిగా వంగింది. కాళ్ళ మీద పొలుసు నున్నగా ఉంది, వెనక ముల్లు ఇంకా బొడిపెలాగే ఉంది. ఆరు నెలలు నిండి రెండు వారాలు కూడా అయి ఉండదు. రొమ్ము కండ గట్టిగా, గుండ్రంగా నా అరచేతిలో నిండింది. ఒరేయ్, ఇంత మంచి కోడిని నేను క్యాంటీన్‌లో ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు. నీ పెంపకంలో ఏ లోపమూ లేదు. ఆ మాట ముందు చదువుకుని, నీళ్లు తాగి, తరవాత మిగతాది చదువు.

లోపమంతా నువ్వు దాన్ని పట్టుకున్న క్షణం నుంచి మొదలయింది. మెడ కింద మేతసంచి నిమ్మకాయంత ఉంది, గింజలు ఒక్కొక్కటీ వేలికి తగులుతున్నాయి. కోసే ముందు మేత పెట్టావు. కడుపు నిండిన కోడిని శుభ్రం చేసేటప్పుడు ఏదో ఒకటి చిట్లుతుంది, కంపు కొడుతుంది. ముందు రోజు సాయంత్రం నుంచే మేత ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. రెక్కల చివర్లు ఎలా ఉన్నాయని టకటకని అడిగాను. ఎర్రగా కమిలాయంది. తరిమి పట్టుకున్నావు కదూ? భయంతో పరిగెత్తిన కోడి కండ బిగుసుకుంటుంది. ఇక కాళ్ళు వంచబోతే కర్రల్లా ఉన్నాయి. పొద్దున కోసింది పదింటికి బిగుసుకోవడం మామూలే. మీ దగ్గర కొన్నవాళ్ళు సరిగ్గా అదే సమయానికి పొయ్యి ఎక్కించి ఉంటారు. అప్పుడు సాయంత్రం దాకా ఉడకబెట్టినా అది రబ్బరే. ఒక రోజు చల్లగా పడుకోబెడితే దానంతట అదే మెత్తబడుతుంది.

తరవాత పొయ్యి. టకటక వెలిగిస్తానంది. వద్దన్నాను. అగ్గిపుల్ల మూడోసారికి అంటుకుంది. మంట ఎంత ఉందో అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నాను. దాని వేడి నాకు గుర్తుంది, దానికీ నేను గుర్తున్నట్టే అనిపించింది.

నీళ్ల వేడి వేలితో చూశాను. ముంచిన వేలు రెండు లెక్కపెట్టేదాకా ఓర్చుకోవాలి, మూడుకి బయటికి వచ్చేయాలి. అంతకన్నా వేడెక్కితే చర్మం ఉడికిపోయి ఈకతో పాటు ఊడొస్తుంది. మీ నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో మరదల్ని అడిగి రాయి. కోడిని కాళ్ళు పట్టుకుని ముంచి, అటూ ఇటూ తిప్పి, రెక్క ఈక ఒకటి లాగి చూశాను. సులువుగా వచ్చాక బయటికి తీసి ముందు రెక్కవి, తోకవి పీకేశాను. మిగతావి బొటనవేలు ఆనించి తోస్తే గుత్తులుగా వచ్చాయి. కాసేపటికి టకటక, "అయిపోయింది పెద్దమ్మా, నున్నగా ఉంది" అంది. నేను వేళ్ళతో నిమిరాను. చర్మంలోంచి అప్పుడే మొలుస్తున్న ఈకలు సూదిమొనల్లా తగిలాయి. గోళ్ళతో ఒక్కొక్కటే తీసి దాని అరచేతిలో పెట్టాను. ముప్పై ఏడు. "ఇవి నాకు కనబడలేదు" అంది. "నాకూ కనబడలేదు" అన్నాను.

అన్నిటికన్నా భయపడింది కడుపు శుభ్రం చేయడానికి. చిన్న కోత పెట్టి చెయ్యి లోపలికి పోనిచ్చాను. అప్పుడు తోచింది నాకు: కోడి కడుపులో ఎవరికైనా చీకటే. కళ్ళున్న రోజుల్లో కూడా నేను ఈ పని చూసి చేసింది కాదు, చేత్తోనే చేశాను. ఇందులో నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. కందనకాయ తగిలింది, గట్టిగా రాయిలా. దాన్ని పట్టుకుని మెల్లగా లాగితే పేగులతో సహా అన్నీ కదిలి వచ్చాయి. కార్జానికి అంటుకుని చేదుతిత్తి ఉంటుంది, చిక్కుడు గింజంత. అది చితికితే కూర మొత్తం పాడు. నీ గుమ్మంలో కూర పెట్టిపోయినాయన తిన్నది అదే. కార్జం కాస్త ఎక్కువే వదులుకుని, చుట్టూ తీసేశాను. చితకలేదు. టకటక దాన్ని సాసరులో పెట్టి వెలుగులో చూసి, "ఆకుపచ్చగా భలే ఉంది, ఒక్క చుక్క కారలేదు" అంది. ఆ సాసరు కాసేపు బల్ల మీదే ఉంచమన్నాను.

కోడిని ఫ్రిజ్‌లో పెట్టి, నా పుట్టినరోజు నాడు తీసి వండాను. ఉల్లిపాయ, అల్లం, మిరియాలు, ఉప్పు, సన్నటి సెగ. రెండు గంటలు. ఇద్దరం కలిసి సగం తినేశాం. మెస్ వాళ్ళకి క్యారియర్ వద్దని కబురు పంపాను.

అక్క


కోళ్ల తోట నుంచి
ఏప్రిల్ 2

అక్కకి,

నువ్వు చెప్పినట్టే పెంపకంలో లోపం లేదన్న వాక్యం చదివి నీళ్లు తాగాను. మిగతాది చదివాక ఇంకో చెంబు తాగాను.

అన్నీ నిజమే. పొద్దున్నే తోటంతా తరిమి పట్టుకునేవాణ్ణి. అది చూసి పక్క తోటవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు సాయంత్రం అవి గూటికి చేరాక, చప్పుడు చేయకుండా ఎత్తి వేరే గంపలో పెడుతున్నాను. మెదలకుండా వస్తున్నాయి. చీటీల విషయంలో నన్ను క్షమించు. నీ వెనక మాట్లాడటం సాయం అనుకున్నాను.

హోటలాయన ఈ నెల ఇరవయ్యో తారీఖున తోటకే వస్తానన్నాడు. ఇక్కడే వండి పెట్టమన్నాడు. నువ్వు రావాలి. నీ పక్కన నిలబడి, మా అక్క అని చెప్పుకోవాలని ఉంది నాకు.

తమ్ముడు

(అదే కాగితం కింద, వేరే చేతిరాతతో)

వదినగారికి నమస్కారాలు. నీళ్ల సంగతి అడిగారట. కుతకుతా మరగాలేమో అనుకుని మరిగించేదాన్ని. ఇప్పుడు వేలితో లెక్కపెడుతున్నాను. మొదటి రెండు కోళ్లకి నీళ్లు చల్లారిపోయి ఈక రాలేదు, మూడోదానికి కుదిరింది. చర్మం ఎక్కడా చినగలేదు. మొలక ఈకలు మాత్రం నాకు చిక్కడం లేదు. తడిలో నానీ నానీ గోళ్ళు చీలిపోయాయి, పట్టు దొరకదు. మీరు వస్తే ఆ ఒక్కటీ నేర్చుకుంటాను.

మీ మరదలు


కింది వాటా, వంటగది
ఏప్రిల్ 8

తమ్ముడికి, మరదలికి,

నేను రాను.

కారణం దాచను, దాచడం మానేశాం కదా. హోటలాయన వస్తాడు. నువ్వు నా చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తావు. ఆయన నన్ను చూసి, గొంతు తగ్గించి, "పాపం ఆవిడే వండిందా" అంటాడు. కూర ఎలా ఉన్నా బాగుందంటాడు, జాలిపడి కొంటాడు. జాలితో కొన్నవాడు రెండోసారి రాడు. నీ కోళ్లకి అలాంటి కొనుగోలు అక్కర్లేదు, నాకు అలాంటి మెప్పు అక్కర్లేదు.

దీనితో పాటు మరదలికి ఒక చిన్న డబ్బా పంపుతున్నాను. నీకు కాదు, నువ్వు విప్పకు. అమ్మాయ్, అందులో చిన్న పటకారు ఉంది. నీ గోళ్ళ సంగతి చదివించుకున్నాక రెండు రోజులు అదే ఆలోచించాను. గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు రెండు వీధుల అవతల ఉంది. టకటక చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళాను. ఏడు నెలల్లో వీధి మలుపు దాటడం ఇదే మొదలు. ఆయన దగ్గర ఆరు రకాల పటకార్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ నా ముంజేతి వెంట్రుకల మీద పరీక్షించాను. ఒకటి జారింది, ఒకటి మొన మరీ వాడి, కోడి చర్మానికి గాటు పెడుతుంది. ఆయన నవ్వి, "అమ్మా, దేనికి కావాలో చెబితే నేనే ఇస్తాను కదా" అన్నాడు. "కోడికి" అంటే నవ్వు ఆపి, లోపలికి వెళ్ళి ఏడోది తెచ్చాడు. మొన మొద్దుగా ఉండి, అంచులు వెంట్రుకవాసి సందు లేకుండా కలుస్తున్నాయి. పిడి మాత్రం సన్నం. తడిచేతిలో జారకుండా నూలు దారం బిగించి చుట్టాను. నీ చెయ్యి నా చేతికన్నా చిన్నదని గుర్తుంచుకునే చుట్టాను.

తమ్ముడూ, ఇది చదివి నొచ్చుకోకు. నువ్వు నాకు వస్తువులు కొన్నప్పుడల్లా నా కళ్ళని తలుచుకున్నావు. మార్చిలో కోడి పంపినప్పుడు మాత్రం నా చేతుల్ని తలుచుకున్నావు. అరవై ఏళ్లలో నాకు అందిన వాటిలో దానికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. దాన్ని పని అని ఎందుకన్నావో నాకు తెలుసు, అయినా నేను కానుక అనే అంటాను.

అక్క


కోళ్ల తోట నుంచి
ఏప్రిల్ 13

వదినగారికి,

ఈసారి ఉత్తరం నేనే రాస్తున్నాను, మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని.

పటకారు అందింది. మొదటి కోడికే నలభై మొలకలు తీశాను. పెళ్ళయి పాతికేళ్లయింది, అందరూ నాకు చీరలు పెట్టారు. నా వేళ్ళు ఎలా ఉన్నాయో చూసి ఇచ్చినవాళ్ళు మీరొక్కరే. అదీ చూడకుండా. ఇలా రాయవచ్చో లేదో తెలియక మీ తమ్ముణ్ణి అడిగాను. "అక్క నవ్వుతుంది, రాయి" అన్నారు.

మీరు రానన్నందుకు ఆయన నొచ్చుకున్నారు. నాకు మాత్రం మీరన్నది న్యాయంగానే తోచింది. అందుకని ఒక మాట అనుకున్నాం. మీరు నాలుగు రోజులు ముందే రండి. మా వంటగది కొలతలు చేతికి వచ్చేదాకా అలవాటు చేసుకోండి. హోటలాయనకి మీ గురించి ఒక్క ముక్క చెప్పం. ఆయన వరండాలో కూర్చుంటాడు, మీరు లోపల ఉంటారు. తిన్నాక ఆయన ఏం చెప్పినా కోడి గురించే చెబుతాడు. బాగాలేదంటే అదీ కోడి గురించే. మీ తమ్ముడు నోరు కుట్టుకుని ఉంటారని నేను హామీ.

మీరు ఒప్పుకుంటే పాలవ్యాను డ్రైవరు పదహారో తారీఖు ఉదయం మీ గుమ్మంలో ఉంటాడు.

మీ మరదలు


కోళ్ల తోట నుంచి
ఏప్రిల్ 22

టకటకకి,

ఇది నా తమ్ముడు చేత్తో రాస్తున్నాడు. అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి, ఓపిగ్గా చదువుకో. నీలాగా వాడు వేగంగా రాయలేడు. ఒక వాక్యం రాసేలోపు నాకు నాలుగు వాక్యాలు తోసుకొస్తున్నాయి.

వచ్చిన రోజు మరదలు నన్ను వంటగదిలో వదిలేసి, "మీరే చూసుకోండి వదినా" అని బయటికి వెళ్ళిపోయింది. తెలివిగలది. బల్ల నా నడుము ఎత్తుకి కాస్త ఎక్కువ, పొయ్యికి బల్లకి మధ్య మూడు అడుగులు, నీళ్ల గంగాళం ఎడమ పక్క. రెండో రోజు మధ్యాహ్నానికి దేనికీ తగలకుండా తిరుగుతున్నాను.

పంతొమ్మిదిన ఆరు కోళ్లు కోశాం. ముందు రోజు సాయంత్రమే మేత ఆపి, గంపలో పెట్టాం. తమ్ముడు కోశాడు, మరదలూ నేనూ ఈకలు తీశాం. తను పటకారుతో, నేను గోళ్ళతో. పందెం వేసుకున్నాం, తనే గెలిచింది. ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది నా చేత. కడుపులు మాత్రం నేనే శుభ్రం చేశాను. ఆరు కోళ్లు, ఆరు చేదుతిత్తులు, ఒక్కటీ చితకలేదు. ఆ పూటా రాత్రీ ఐసు పెట్టెలో పడుకోబెట్టి మర్నాడు వండాం. ఒకటి మాత్రం వండకుండా, శుభ్రం చేసింది చేసినట్టు పళ్ళెంలో ఉంచాం, ఆయన చూడటానికి.

హోటలాయన వచ్చాడు. వరండాలో కుర్చీ కిర్రుమంది, బరువైన మనిషే. పళ్ళెం చప్పుడు, తరవాత ఏ చప్పుడూ లేదు. తింటున్నాడో లేదో తెలియదు. మరదలు నా పక్కనే నిలబడి నా కొంగు పట్టుకుంది. చివరికి ఎముక పళ్ళెంలో పడిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. కండ మిగిలిన ఎముక అలా టంగుమనదు.

"ఇంకొంచెం ఉందా" అన్నాడు.

మరదలు నా కొంగు వదిలేసి పరిగెత్తింది.

తిన్నాక ఆయన లోపలికే వచ్చాడు. నేను బల్ల దగ్గర వీపు అటు పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నాను. పళ్ళెంలోని కోడిని అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టుంది. ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

"అమ్మా, నా దగ్గర ఎనిమిది మంది వంటవాళ్ళున్నారు. వాళ్ళు చేసిన కోడికి ఎప్పుడూ నాలుగు ఈక మొలకలు మిగిలే ఉంటాయి. దీనికి ఒక్కటీ లేదు. మా వాళ్ళకి కళ్ళున్నాయో లేవో తెలియదు."

"ఉండే ఉంటాయి," అన్నాను. "వాళ్ళ ఇబ్బంది అదే."

ఆయనకి అర్థం కాలేదు. నేను కత్తి కింద పెట్టి ఆయన వైపు తిరిగాను. అప్పుడు అర్థమయింది. ఊపిరి ఆగినట్టయింది ఆయనకి. నేను భయపడ్డ ఆ "పాపం" ఇప్పుడొస్తుందని కాచుకుని ఉన్నాను. రాలేదు. ఇంకో అడుగు ముందుకు వేసి, "ఈ పని మా వాళ్ళకి నేర్పుతారా" అన్నాడు. గొంతు తగ్గించలేదు, అడిగిన పద్ధతిలో కాస్త భయం కూడా ఉంది. క్యాంటీన్‌లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను సెలవు అడిగేటప్పుడు అలాగే ఉండేది గొంతు.

వారానికి రెండు రోజులు అని ఒప్పుకున్నాను. వంటవాళ్ళ కళ్ళకి గంతలు కట్టి నేర్పుతానని ముందే చెప్పాను. కోళ్లు వారం వారం తమ్ముడి తోట నుంచే తీసుకుంటాడు. ఆ మాట అయ్యాక తమ్ముడు పెరట్లోకి వెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడని మరదలు చెప్పింది. లేదు, దుమ్ము పడిందని రాయమంటున్నాడు. నేను చెప్పింది రాయరా.

నేను నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాను. ఆ తరవాత వచ్చే ఆదివారం నీకు నా చేత్తో వండి పెడతాను, మిషను పైనే వదిలేసి రా.

నిన్న మొదటి బండికి పద్నాలుగు కోళ్లు సిద్ధం చేశారు. మరదలు, ఇద్దరు పనివాళ్ళు, తమ్ముడు కూర్చుని ఈకలు తీశారు. కట్టే ముందు పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టి నన్ను పిలిచారు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కొక్కదాన్నీ నిమురుకుంటూ నడిచాను. పనివాళ్ళు నా వెనకే అడుగులో అడుగు వేస్తున్నారు, నాకు వినిపిస్తూనే ఉంది. పన్నెండు బండెక్కాయి. రెండు వెనక్కి పంపాను. రెండూ తమ్ముడు తీసినవే.

ఈ వాక్యం దగ్గర వాడు కలం ఆపేశాడు. రాయమన్నాను. రాశాడు.

పెద్దమ్మ